డిసెంబరులో పసుపు ఖర్జూరాలు

ఇరాక్ మాజీ అధ్యక్షుడు సద్దాం హుస్సేన్ 2003 డిసెంబరు 13 రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో, తిక్రిత్ దగ్గర అద్-దౌర్‌లో దొరికాడని అమెరికా ప్రకటించింది. కొద్ది రోజులకే ఒక అనుమానం ఊరూరా తిరిగింది. అతను దాక్కున్న తోట ఫొటోలో చెట్టుకు పసుపు ఖర్జూరపు గెలలు వేలాడుతున్నాయి, ఇరాక్‌లో కోత శరదృతువుకే ముగుస్తుంది, కాబట్టి ఎప్పుడో పట్టుకుని దాచి ఇప్పుడు చూపించారు అన్నది ఆ వాదన. కువైట్, మస్కట్ వెళ్లొచ్చినవాళ్లు ఊరూరా ఉన్న కోనసీమలో ఇది నిజమే అనిపిస్తుంది. పైరును చూసి నెల చెప్పడం డెల్టా రైతుకు కొత్తేమీ కాదు. అయితే చేను పండి పసుపురంగు తిరిగిందంటే అది సార్వా (ఖరీఫ్) కావచ్చు, దాళ్వా (రబీ) కావచ్చు. పక్కన ఇంకో ఆనవాలు ఉంటేనే ఏదో తేలుతుంది.

ఖర్జూరం కూడా మన తాడి, ఈత లాంటిదే. పోతు చెట్టు వేరు, పెంటి చెట్టు వేరు. గాలికి వదిలేస్తే కాపు సరిగా నిలవదు. అందుకే రైతులు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా చెట్టెక్కి, మగ పూల రెమ్మలను ఆడ గెలల మధ్య పెట్టి కడతారు. ఆ పని తప్పితే పూత మొత్తం రాలిపోదు. ఒక్కో పువ్వుకు మూడేసి చొప్పున, గింజ లేని చిన్న కాయలు నిలుస్తాయి. అవి మామూలు కాయల్లా పండవు, ఆలస్యమవుతాయి. 2003లో సరిగ్గా ఆ పని జరగాల్సిన రోజుల్లోనే, మార్చి 20న యుద్ధం మొదలైంది. ఏప్రిల్ 9న బాగ్దాద్ పడిపోయింది. ఆ ఏడాది ఆ తోటలో ఎవరైనా చెట్టెక్కారా? ఇది అడగకుండా "పసుపు కాయ, కాబట్టి డిసెంబరు కాదు" అని తేల్చేయడం తొందరపాటే. ఆ గెల నుంచి ఒక కాయ కోసి, గింజ ఉందో లేదో చూస్తే సగం సంగతి తెలిసేది. కాయలు రాలిపోయాక మిగిలే కాడలు కూడా దూరం నుంచి పసుపుగానే కనిపిస్తాయన్నది మరో చిక్కు.

అసలు ఆ ఫొటో ఏ రోజుది? పట్టుకున్నది రాత్రి. పగటి వెలుతురున్న ఫొటో అంటే మరో సమయంలో తీసిందే. విలేకరులను డిసెంబరు 15న అక్కడికి తీసుకెళ్లారు. వాళ్లు తీసినదానిలోనే గెలలుంటే, డిసెంబరులో ఆ చెట్టుకు కాయలున్నట్టే, వాదన అక్కడితో సరి. సైన్యం ఇచ్చిందైతే అసలు ఫైలు కావాలి. చేతులు మారిన కాపీలో తీసిన తేదీ, కెమెరా వివరాలు చాలాసార్లు చెరిగిపోతాయి.

ఇంతమాత్రాన అమెరికా ప్రభుత్వ కథనాన్ని నమ్మేయమని కాదు. అదే ఏడాది ఇరాక్‌లోని నాసిరియాలో బందీ అయిన అమెరికా సైనికురాలు జెస్సికా లించ్ తూటాలయ్యేదాకా పోరాడిందని ఏప్రిల్ 3న వాషింగ్టన్ పోస్ట్ రాసింది. తన తుపాకి మొరాయించిందని, ఒక్క తూటా కూడా కాల్చలేదని తర్వాత ఆమే చెప్పింది. 2019 ఫిబ్రవరి 27న ఇద్దరు భారత పైలట్లు దొరికారన్న పాకిస్తాన్ సైన్యం, ఆ రోజే ఒక్కడేనని సవరించుకుంది. మొదటి రోజు అంకెలను మనం వరద వార్తల్లో ఎలా చూస్తామో ఇక్కడా అలాగే చూడాలి.

సద్దాం వార్తలో పట్టుకోవాల్సినవి వేరే ఉన్నాయి. ఆ గొయ్యి లోతు ఆరు నుంచి ఎనిమిది అడుగులు, ఒక మనిషి పడుకునేంత చోటు, గాలికి గొట్టం, ఫ్యాను. దాన్నే అతని నివాసంగా చాలా పత్రికలు చిత్రించాయి. పక్కనే రెండు గదుల ఇల్లుంది, సైనికులు వచ్చినప్పుడు దూరడానికే గొయ్యి. ఇక అతని ఆచూకీ చెబితే అమెరికా ఇస్తానన్న 2.5 కోట్ల డాలర్ల బహుమతి ఎవరికీ ఇవ్వలేదు. ఆచూకీ చెప్పింది స్వచ్ఛందంగా వచ్చినవాడు కాదు, అంతకు కొన్ని గంటల ముందే దొరికి, విచారణలో నోరు విప్పిన బందీ. అతణ్ని ఏం చేస్తే, ఏం ఆశ చూపితే అంత త్వరగా చెప్పాడన్నది ఖర్జూరాల గొడవలో పక్కకు పోయింది.