1:22.5 స్కేలు గారికి బహిరంగ లేఖ

అయ్యా స్కేలు గారూ,

నమస్కారం. అసలు వస్తువును 22.5 రెట్లు తగ్గించి బొమ్మ చేయించే కొలత మీరు. మిమ్మల్ని తోటల్లోకి దింపింది జర్మనీలో న్యూరెంబర్గ్‌కు చెందిన లేమాన్ కంపెనీ. 1968లో ఎల్‌జీబీ పేరుతో పెరట్లో తిరిగే బొమ్మ రైళ్లు తెచ్చింది. పట్టాల మధ్య దూరం 45 మిల్లీమీటర్లు. దాన్ని 22.5తో గుణిస్తే మీటరు మీద ఒక పిసరు. పట్టాల మధ్య మీటరు దూరముండే మీటర్ గేజ్ రైలుకు సరిగ్గా సరిపోయారు. అంతవరకు మీ నిజాయితీకి దండం.

మీ చుట్టాల సంగతే అడగాలనుంది. అదే 45 మి.మీ. పట్టాల మీద 1:20.3, 1:24, 1:29, 1:32... అందరూ ఈ తోట రైళ్ల జీ స్కేలు వంశం వాళ్లమే అంటూ తిరుగుతున్నారు. పెట్టె మీద పేరు నమ్మి కొంటే, గార్డు ఎక్కే బ్రేక్ వ్యాన్ తలుపు కన్నా గార్డు బొమ్మే పొడుగు. ఇక మా బ్రాడ్ గేజ్ 1676 మి.మీ. దాన్ని 45తో భాగిస్తే 37 పైచిలుకు వస్తుంది. ఆ కొలతకు బొమ్మ మనిషిని కూడా ఎవడూ అమ్మడు. పోనీ మీటర్ గేజే చేసుకుందామంటే, లైన్లన్నీ బ్రాడ్ గేజ్ చేయాలని 1992లో మొదలైన యూనిగేజ్ ప్రాజెక్టు దాన్ని దేశమంతటా పీకేస్తూ వచ్చింది. మీకు సరిపోయే రైలు మా ఊళ్లో లేదు, మా ఊళ్లో ఉన్న రైలుకు మీరు సరిపోరు. భలే కుదిరింది సంబంధం!

అయినా మేం తగ్గం. గుంటూరు-గుంతకల్లు లైను మీటర్ గేజ్‌గా ఉన్న రోజుల్లోని ఒక చిన్న స్టేషన్ని పెరట్లో జామచెట్టు కింద లేపుతున్నాను. కంకర రాయి 50 మి.మీ. ఉంటే మీ లెక్కన రెండు మి.మీ. చిల్లర. అందుకని క్రషర్ డస్ట్ తెచ్చి పిండి జల్లెడతో పట్టాను. ఇంట్లో ఆ జల్లెడ గురించి మాటామాటా వచ్చింది, అది మీకు అనవసరం. అసలు పరీక్ష పైకప్పు దగ్గర. మంగళూరు పెంకు పొడవు 41 సెంటీమీటర్లనుకుంటే మీ దయవల్ల 18 మిల్లీమీటర్లు. ఫ్లెక్సీ షాపులో మిగిలిన సన్‌బోర్డు (ప్లాస్టిక్ నురుగు అట్ట) ముక్కలు తెచ్చి, ఇంకు అయిపోయిన రీఫిల్‌తో ఒక్కోదాని మీద రెండు గాడులు నొక్కి, చూరు నుంచి పైకి వరస మీద వరస ఎక్కించాలి. ప్రతి వరసా సగం పెంకు జరగాలి. లేకపోతే వాన నీళ్లు సందుల్లోంచి నేరుగా స్టేషన్ మాస్టరు నెత్తిన పడతాయి. అసలు కొలతల్లో పది మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు కప్పుకి తొమ్మిది వందల దాకా పెంకులు కావాలి. ఆ తర్వాత మే నెల వస్తుంది. ఎండకి సన్‌బోర్డు సాగుతుంది, చూరు పైకి లేస్తుంది. లోపల అల్యూమినియం యాంగిల్ బిగించనివాడి కప్పు గోవిందా.

ఇంత చేసినా మీ మాట వినేది నేనొక్కణ్నే. వాన మీ లెక్కలో కురవదు. మూడు మి.మీ. చినుకు మీ లోకంలో ఏడు సెంటీమీటర్లు, బత్తాయంత. ముప్ఫై సెంటీమీటర్ల తొండ ప్లాట్‌ఫారం ఎక్కితే అది దాదాపు ఏడు మీటర్ల మొసలి. టికెట్ లేకుండా గంటసేపు కూర్చుంటుంది, దించే దమ్ము ఏ టీసీకి ఉంటుంది? ఎంత చెట్టుకు అంత గాలి అంటారు కదా. పదిహేను మీటర్ల వేపచెట్టుకు బదులు నేను కుండీలో పెంచిన 67 సెంటీమీటర్ల చెట్టుకు మాత్రం అసలు సైజు గాలే కొడుతోంది. దాని ఆకులేమో అసలు వేపాకులే. ఒక్కటి రాలితే కప్పు మీద నాలుగడుగుల చెక్క పడ్డట్టే.

మీ భక్తులూ తక్కువ తినలేదు. 200 మీటర్ల ప్లాట్‌ఫారం మీ లెక్కన తొమ్మిది మీటర్లకు కాస్త తక్కువ. మా పెరడే అంత లేదు. మూడో వంతుకు కోసేశాను. మా హాబీ పెద్దలు దీనికి 'సెలెక్టివ్ కంప్రెషన్' (ఎంచి కుదించడం) అని గౌరవంగా పేరు పెట్టుకున్నారు. ఇదే పని మేస్త్రీ చేస్తే ఏమంటామో మీకు తెలుసు. రైలు వేగం అయితే ఎవరూ పట్టించుకోరు. గంటకు 40 కిలోమీటర్ల ప్యాసింజరు మీ ప్రకారం సెకనుకు అర మీటరే కదలాలి. పక్కింటి పిల్లాడి చేతికి కంట్రోలరు ఇచ్చామా, ప్యాసింజరు కాస్తా రాకెట్టే.

ఇంతకీ ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం వేరే ఉంది. స్టేషన్ పేరు బోర్డు తయారైంది. పసుపు మీద నలుపు, తెలుగు, హిందీ, ఇంగ్లీషు, అన్నీ కుదిరాయి. కింద సముద్ర మట్టానికి ఇన్ని మీటర్ల ఎత్తు అని రాయాలి కదా. అక్షరాలు మీ లెక్కలోకి దించాను సరే, ఆ ఎత్తుని కూడా 22.5తో భాగించాలా? భాగిస్తే మా స్టేషను ఏ బాపట్ల బీచ్‌లోనో తేలుతుంది. భాగించకపోతే నియమం తప్పానని మీ భక్తులు టేపు పట్టుకుని వస్తారు. పెయింటు డబ్బా మూత తీసి పెట్టాను, ఆరిపోయేలోపు జవాబివ్వండి.

ఇట్లు,
స్టేషన్ ఉండి రైలు లేని మీ విధేయుడు

తా.క. ఇంజనుకి అప్పు దొరికితే స్కేలు సంగతి అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం.