కొత్త వంతెన సరే, పాతదానికి దిక్కెవరు?

మక్తల్ నుంచి రాయచూరు పోయే దారిలో కృష్ణానది మీది పాత వంతెన గురించి ఎప్పుడు మాటొచ్చినా ఒకటే పాట: గుంతలు పడ్డాయి, లారీలు ఆపండి, కొత్తది కట్టండి. నిజాం ఏలుబడిలో 1933లో మొదలై 1943లో పూర్తయిన రాతి కమాన్ల వంతెన అది. వెడల్పు 20 అడుగులే. శక్తినగర్ థర్మల్ కేంద్రం బూడిద ట్యాంకరుకు ధాన్యం లారీ ఎదురైతే అద్దాలు రాసుకోవాల్సిందే. కొత్త వంతెన కావాలి, కాదనేదెవరు? తొంభై ఏళ్ల కిందటి లెక్కలతో కట్టిన కమాను మీద ఇప్పటి పద్నాలుగు టైర్ల లారీలు తోలడం తగదన్న మాటలోనూ బలముంది.

నాకు మింగుడుపడనిదల్లా వయసు మీద నెపం పెట్టడం. 2025 జులై 9న గుజరాత్‌లో మహిసాగర్ నది మీద కూలిన గంభీరా వంతెన 1985 నాటిది. మన రాతి వంతెనకు మనవడి వయసు. దూలాలను మోసే దిమ్మెలు (పెడెస్టళ్లు), దూలాలు కలిసే కీళ్లు నలిగిపోయాయని అక్కడ ప్రాథమికంగా తేల్చారు. ఆ కీళ్లు ఒక్కరోజులో నలగవు కదా.

వంతెన ఎట్లా చెడుతుందో చూడండి. అంచుల్లో వాన నీళ్లు కిందికి జారే గొట్టాలుంటాయి. ఇసుక, బూడిద చేరి అవి మూసుకుంటాయి. నిలిచిన నీళ్లు రాళ్ల మధ్య సున్నంలోకి దిగుతాయి, సందులో రావి మొలుస్తుంది. మొలకగా ఉన్నప్పుడు రెండు వేళ్లతో పీకేయొచ్చు. వదిలేస్తే దాని వేరు రాయినే కదిలిస్తుంది. కాంక్రీటు వంతెనలకు మనవాళ్లు చేసే మేలు ఇంకోటి: పాత తారు పొర (బీటీ) గీకకుండా దాని మీదే కొత్త పొర పరచడం. బరువు పెరుగుతుంది. ఎండకు సాగి చలికి ముడుచుకునేందుకు వదిలిన జాయింట్లు తారుతో పూడుకుపోతాయి. ఆ భారమంతా దూలాల కింద పెట్టిన రబ్బరు దిమ్మెలు, అంటే బేరింగులు మోయాలి. దీనికి బిల్లు లేచేది మాత్రం మరమ్మతుల పద్దులోనే!

వీటికి కోట్లు అక్కర్లేదు. గడ్డపార, తట్ట, నెలజీతమున్న మనిషి చాలు. ఒకప్పుడు రోడ్ల శాఖకు గ్యాంగు కూలీలుండేవాళ్లు, ఇక్కడి నుంచి అక్కడి దాకా నీదే పూచీ అని అప్పజెప్పేవాళ్లు. వాళ్లు రిటైరయ్యారు, ఆ చోట్లోకి టెండరొచ్చింది. కాంట్రాక్టరుకు గుంత పడ్డాకే పని, పడకుండా చూస్తే పైసా రాదు.

చెరువులకూ ఇదే గతి. తూము ఎరిగినవాడు, కట్టలో ఎలుక బొరియ కనబడితే ఊరిని లేపేవాడు నీరటి. 2005 అక్టోబర్ 29న వలిగొండ దగ్గర డెల్టా ప్యాసింజర్ పట్టాలు తప్పి వందమందికి పైగా పోయారు. ఎగువన చెరువు తెగి, ఆ వరద చిన్న రైలు వంతెనను కోసుకుపోయింది. అందరూ రైలు ప్రమాదమన్నారు, నా లెక్కలో అది చెరువుకట్ట ప్రమాదం. తర్వాత మిషన్ కాకతీయ చెరువుల పథకంలో పూడిక తీశాం, మత్తళ్లు (అలుగులు) బాగుచేశాం. ఊరూరా నీరటి మాత్రం వెనక్కి రాలేదు.

అందుకే ఈ పాత వంతెన ఉన్న కృష్ణ మండలం నుంచి నది వెంట బీచుపల్లి, వాడపల్లి దాకా ప్రతి పెద్ద వంతెనకూ ఒక మనిషిని పేరుతో అప్పజెప్పాలి. వానలకు ముందొకసారి, తర్వాతొకసారి చూసి రాసిన రిజిస్టరు పంచాయతీ ఆఫీసులో అందరికీ కనబడాలి. ఆ జీతం కొత్త వంతెన అంచనాలోనే చేర్చండి, లేదంటే శంకుస్థాపనకు మమ్మల్ని పిలవకండని ఆ దారి ఊళ్ల సర్పంచులు ఇప్పుడే కాగితం రాసివ్వొచ్చు.