సొరంగంలో మా ఆయన

మా చంటాడికి తొమ్మిదో నెల నడుస్తోంది. దోగాడడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే పిర్రల మీద జరుక్కుంటూ ఇల్లంతా చుట్టేస్తాడు. కొందరు పిల్లలంతే, దోగాడకుండానే లేచి నడిచేస్తారు, మిగతా ఎదుగుదల బాగుంది కాబట్టి కంగారు పడొద్దన్నారు డాక్టరుగారు. నేను పడలేదు. నా వాటా కూడా కలిపి మా ఆయనే పడ్డారు.

ఆ రాత్రే కూర్చుని టైంటేబుల్ తయారుచేశారు. పొద్దున్నే బోర్లా పడుకోబెట్టడం. ఏడాదిలోపు పిల్లల్ని, మెలకువగా ఉన్నప్పుడు, రోజు మొత్తమ్మీద విడతలుగా కనీసం 30 నిమిషాలు బోర్లా ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిందట. మెడ, భుజాలు గట్టిపడతాయి. నిజమే. కానీ అది ఇంకా సొంతంగా కదల్లేని పిల్లల సంగతి. ఆ ముక్క దగ్గర ఈయన కళ్ళజోడు జారినట్టుంది. వీణ్ణి బోర్లా వేసి, అత్తయ్యగారు ఎదురుగా గిలక్కాయ ఊపుతూ "తలెత్తు నాన్నా, ఇటు చూడు" అనేలోపే వాడు లేచి కూర్చుని మంచం కిందికి జరిగిపోయేవాడు.

తర్వాత స్పర్శ పాఠం. పళ్ళెంలో దూది, గరుకు గుడ్డ, స్పాంజి, నున్నటి చెక్కముక్క. వేళ్ళతో తడిమి తేడా తెలుసుకోవాలి. మావాడు అన్నీ కింద పారబోసి పళ్ళెం అంచు చప్పరించాడు. ఈ వయసులో వేళ్ళకంటే నోటికే నమ్మకమెక్కువ. ఏ వస్తువు మీదైనా నాలిక సంతకం పడాల్సిందే.

ఇక సొరంగం. బట్ట చుట్టూ స్ప్రింగు తిప్పి, సాగదీస్తే పొడుగ్గా నిలబడే ఆటవస్తువు. ఒక చివర పిల్లాణ్ణి కూర్చోబెట్టి, రెండో చివర గిలక్కాయ పెట్టారు. వాడు లోపలికి తొంగిచూశాడు, ఓసారి ఆలోచించాడు, పక్కనుంచి జరుక్కుంటూ చుట్టూ తిరిగొచ్చి గిలక్కాయ తీసుకున్నాడు. నాకైతే ఆ తెలివికి ముద్దొచ్చింది. ఈయనకి మాత్రం పట్టుదల పెరిగింది.

"చేసి చూపించేవాళ్ళు లేక వాడికి తెలియట్లేదు" అంటూ దూరిపోయారు. "ఎడమ చెయ్యి, కుడి మోకాలు... కుడి చెయ్యి, ఎడమ మోకాలు... చూస్తున్నావా నాన్నా?"

నాన్న చూస్తూనే ఉన్నాడు. సగం దూరం వెళ్ళాక పొట్ట దగ్గర బండి ఆగిపోయింది. ఇటు తల, అటు పాదాలు, మధ్యలో బిగుసుకున్న స్ప్రింగు.

"ఏమోయ్, లాగు!"

"ఏ చివర పట్టుకోమంటారు?"

ఈ చర్చ తేలకముందే పిల్లాడు పాదాల వైపు చేరాడు. ఈ మధ్యే బొటనవేలు, చూపుడువేలు కలిపి సన్నటివి పట్టుకోవడం నేర్చాడు కాబట్టి ముందు కాలివేలు గిల్లి చూశాడు. తర్వాత మడమ నుంచి వేళ్ళదాకా గోరుతో ఒక గీత గీశాడు. పసిపిల్లల అరికాలు అలా గీస్తే వేళ్ళు విసనకర్రలా విచ్చుకుంటాయి. పెద్దవాళ్ళకి వేళ్ళు కిందికి ముడుచుకుంటాయి. చక్కిలిగింతల మనిషి కావడంతో మా ఆయన మొత్తంగా ముడుచుకున్నారు. సొరంగం దొర్లింది. దొర్లుకుంటూ వెళ్ళి సోఫాకి కొట్టుకుని ఆగింది.

నేనూ అత్తయ్యగారూ చెరో చివరా పట్టుకుని ఎలాగో బయటికి తీశాం. మనిషి ఆగినా లోపలిచెవిలోని అర్ధవృత్తాకార నాళాల్లో ద్రవం వెంటనే ఆగదు. అందుకే ఆయనకి గోడలింకా తిరుగుతున్నాయి. టైంటేబుల్లో వచ్చేవారానికి రాసుకున్న "బ్యాలెన్స్ వ్యాయామం" ముందుగానే అయిపోయింది. పిల్లాడు మాత్రం చప్పట్లు కొడుతూ ఇంకోసారి కానిమ్మన్నట్టు సొరంగాన్ని తోస్తున్నాడు.

నడుం పట్టేసి వెల్లకిలా తిరగలేక ఆయన వాడి చాప మీదే బోర్లా పడుకున్నారు. వాడు జరుక్కుంటూ వచ్చి వీపెక్కి కూర్చున్నాడు. అత్తయ్యగారు కొడుకు ఎదురుగా చతికిలపడి గిలక్కాయ ఊపారు.

"తలెత్తు నాన్నా, ఇటు చూడు."