మైకు గారికి, గోడ మీద పిల్లి రాయునది

గౌరవనీయులైన ప్రచార సభ మైకు గారికి,

నమస్కారం. ఇక్కడ నేను క్షేమం. మీ గొంతు వింటుంటే మీరూ క్షేమంగానే ఉన్నట్టున్నారు. నన్ను మీరు గుర్తుపట్టరు. సభలో అందరికంటే వెనక, బళ్లు నిలిపిన చోట చేతులు కట్టుకుని నిలబడేవాణ్ణి. ఎవరికి ఓటెయ్యాలో ఇంకా తేల్చుకోలేదు. మీ వేదిక మీదివాళ్లు మాలాంటివాళ్లను గోడ మీద పిల్లులంటారు. సరే, ఆ పేరుతోనే రాస్తున్నాను.

మొన్నటి సభలో "గెలుపు ఎవరిది?" అని అడిగారు. ముందు వరసలు "మనదే" అన్నాయి. "వినబడలేదు" అన్నారు మీరు. వాళ్లు ఇంకా గట్టిగా అరిచారు. మళ్లీ వినబడలేదన్నారు. అంత పెద్ద సౌండ్ సిస్టమ్‌కి ఈ చెవుడేమిటా అని నాకు బెంగ పట్టుకుంది. నాలుగోసారికి గానీ మీకు తృప్తి కలగలేదు. మీరు తానా అంటే తందానా అనడానికే వచ్చినవాళ్లు కదా, మొదటిసారే నమ్మేయాల్సింది. నేను మాత్రం మా వీధి బడికి టీచరు ఎప్పుడొస్తారన్న ప్రశ్న ఒకటి మోసుకొచ్చాను. దాన్ని అలాగే ఇంటికి మోసుకెళ్లాను.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మీరేమో ఇవాళ ఇంట గెలుస్తారు, రేపు ఇంకో వేదికెక్కి మళ్లీ ఇంటే గెలుస్తారు.

ఇది కొత్త జబ్బేం కాదు. 1940 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు పాల్ లాజర్స్‌ఫెల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త బృందం ఒహాయో రాష్ట్రం ఈరీ కౌంటీలో 600 మందిని నెలల తరబడి మళ్లీ మళ్లీ కలిసి, ఎవరి మనసు ఎప్పుడు ఎటు తిరుగుతోందో రాసుకుంది. ప్రచారాన్ని అందరికంటే ఎక్కువగా విన్నది ఎవరయ్యా అంటే, ముందే తేల్చేసుకున్నవాళ్లు! ఎవరి కోసం ఆ గొంతు చించుకోవడమో, ఆ తేల్చుకోనివాళ్లు అటు పెద్దగా చెవి పెట్టనే లేదు. అప్పట్లో ఆ గోలలో సగం మీ అన్నగారు రేడియోది లెండి.

మీ వైపు వాదన నాకు తెలియదనుకోకండి. అవతలివాళ్ల మనసు మార్చడం కంటే మనవాళ్లను మంచం మీంచి లేపడం తేలికంటారు. నిజమే. 1998లో అమెరికాలోని న్యూ హేవెన్‌లో అలన్ గెర్బర్, డోనాల్డ్ గ్రీన్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగంలో, ఇంటికెళ్లి మనిషితో మనిషి మాట్లాడితే ఓటెయ్యడానికి వచ్చేవాళ్లు పెరిగారు. ఫోన్ చేస్తే పెరగలేదు. (అంటే మిమ్మల్ని కాదు, చెప్పులరిగేలా తిరిగినవాళ్లను మెచ్చుకోవాలి.) ఆ తర్వాత కాల్లా, బ్రూక్‌మన్ అనే ఇద్దరు ఇలాంటి ప్రయోగాలు 49 కలిపి చూస్తే, అమెరికా సాధారణ ఎన్నికల్లో ప్రచారం వల్ల ఓటరు ఇటు నుంచి అటు మారడం సగటున దాదాపు సున్నా అని తేలింది. పిల్లిని కదా, ఇది చదివి నాకు కాస్త రోషం వచ్చింది. కానీ ఒప్పుకోక తప్పదు, మేం అంత తేలిగ్గా గోడ దిగం.

అయితే లెక్క అక్కడితో అయిపోదు. ఇంట్లో పడుకోబోయిన మీ మనిషి లేచి వస్తే మీకు ఒక ఓటు. అవతలికి వెయ్యబోయినవాడు మీకు వేస్తే తేడా రెండు ఓట్లు: మీకు ఒకటి పెరుగుతుంది, వాళ్లకు ఒకటి తగ్గుతుంది. 2008 శాసనసభ ఎన్నికల్లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో కాంగ్రెస్ నాయకుడు సి.పి. జోషి ఓడిపోయింది ఒకే ఒక్క ఓటుతో. ఆ ఒక్కటి నిద్రలేవని అభిమానిదో, గోడ దిగని పిల్లిదో ఎవరు చెప్పగలరు?

ఇంకో ముచ్చట. మనవాళ్లకు ఊపు రావాలని మీరు నిప్పులు కక్కుతారు కదా, గోడ అవతలివాళ్లకూ చెవులుంటాయి. 2006 నుంచి 2014 దాకా అమెరికా ప్రతినిధుల సభ ఎన్నికలను ఆండ్రూ హాల్, డానియల్ థాంప్సన్ అనే పరిశోధకులు పరిశీలిస్తే, అతివాద అభ్యర్థిని నిలబెట్టినచోట ఎక్కువగా కదిలొచ్చింది ఎదుటి పార్టీవాళ్లేనట. మీరు మీవాళ్లను లేపుతున్నాననుకుని పక్కింటివాళ్లను లేపారన్నమాట.

ఆస్ట్రేలియాలో ఓటెయ్యడం తప్పనిసరి అని 1924లో చట్టం చేశారు. 1922లో 60 శాతం లోపున్న పోలింగ్ 1925లో 91 శాతం దాటింది. అభిమానిని పోలింగ్‌కి తోలుకెళ్లే పని చట్టమే చూసుకుంటుంది. అక్కడి మైకుకు మాలాంటివాళ్లతో మాట్లాడక తప్పని ఖర్మ. మీ అదృష్టం, మీరు అక్కడ పుట్టలేదు.

అసలీ ఉత్తరం ఎందుకు రాయాల్సొచ్చిందంటే, పోయిన ఆదివారం మీ కుర్రాళ్లిద్దరు మా వీధికి వచ్చారు. చేతిలో ఓటర్ల జాబితా, పేర్ల పక్కన పెన్నుతో పెట్టిన గుర్తులు. పక్కింటాయనకు టిక్కు. ఆయన ఎప్పట్నుంచో మీ మనిషే. ఆ ఇంట్లో అరగంట కూర్చుని, "తప్పకుండా వెయ్యాలి బాబాయ్" అని ఒకటికి పదిసార్లు చెప్పారు. ఆయన ఓటు మానేసింది ఎప్పుడని! తర్వాత మా గేటు దగ్గర ఆగారు. నేను చెప్పులేసుకుని గడియ తీయబోతుంటే ఒకడు కాగితం చూసి, "ప్రశ్నార్థకంరా, టైమ్ వేస్ట్, పద" అన్నాడు. రెండోవాడు నా వైపు చూసి మొహమాటంగా నవ్వి, గేటు సందులోంచి కరపత్రం దోపి వెళ్లిపోయాడు.

దాని మీద మీ నాయకుడి ఫొటో, కింద పెద్దక్షరాల్లో "గెలుపు మనదే". ఆ "మన"లో నేనున్నానో లేనో తేల్చుకోలేక రెండు రోజులు అటూ ఇటూ తిప్పి చూశాను. వెనక వైపు అంతా ఖాళీ. ఈ ఉత్తరం దాని మీదే రాస్తున్నాను, అక్షరాలు ఇరుకుగా ఉంటే మన్నించండి. బడి సంగతి వివరంగా రాద్దామనుకున్నాను గానీ చోటు అయిపోయింది.

ఇట్లు,
మీ జాబితాలో ప్రశ్నార్థకం