దక్షిణం ముఖం ఇల్లు, చచ్చిన గోంగూర

మొన్న ఇక్కడ న్యూజెర్సీలో మన తెలుగు సంఘం వినాయక చవితి ఫంక్షన్‌లో పెరటి తోట బహుమతులు ఇస్తున్నప్పుడు, మేలో మనం పంచిన గోంగూర, బీర మొక్కల్ని చంపేసినవాళ్ళు చేతులెత్తండి అన్నారు మైకు పట్టుకున్నాయన. అమాయకంగా ఎత్తాను. నాతో పాటు ఇంకో పదిమంది దాకా ఎత్తినట్టున్నారు. "మొక్కనే పెంచలేనివాళ్ళు పిల్లల్ని ఎలా పెంచుతున్నారండీ?" అన్నారాయన. హాలంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను. ఇంటికొస్తుంటే వెనక సీట్లోంచి నా కూతురు అడిగింది, "అమ్మా, మన గోంగూరని నువ్వే చంపేశావా?" అని.

చంపలేదు. అది ఎండ లేక పోయింది. గోంగూర, బీర, సొర, వంగ, మిరప, వీటన్నిటికీ రోజుకి కనీసం ఆరు గంటలు నేరుగా ఎండ తగలాలి. నా పెరట్లో నడి జూన్‌లో కూడా పొద్దున కాస్త, సాయంత్రం కాస్త, అంతా కలిపి మూడు గంటలు.

మా ఇల్లు దక్షిణం ముఖం. ఇది చదవగానే మీలో సగంమంది మొహం ఎలా పెట్టారో చూడకుండానే చెప్పగలను. తొమ్మిదేళ్ళ కిందట ఈ న్యూజెర్సీలో మా డబ్బుకి దొరికింది అదొక్కటే, మనవాళ్ళెవరూ పోటీకి రాలేదు కూడా. వాస్తు సంగతి నాకు తెలీదు గానీ, ఉత్తరం ముఖం ఇల్లు కొన్నవాళ్ళకి పెరడు దక్షిణం వైపు పడుతుంది, పొద్దస్తమానం ఎండే ఎండ. నాకు పెరడు ఉత్తరం వైపు, ఇల్లే అడ్డం, పైగా పక్కవాళ్ళ ఓక్ చెట్టు. మా కోనసీమలో అయితే మే, జూన్ నెలల్లో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికొచ్చి కాస్త ఉత్తరానికి కూడా వాలతాడు కాబట్టి ఇంటికి ఏ వైపున్నా అంతో ఇంతో ఎండ తగులుతుంది. ఇక్కడ 40 డిగ్రీల అక్షాంశంలో ఏడాది పొడుగునా మధ్యాహ్నం దక్షిణానే ఉంటాడు, డిసెంబరు చివర్లో అయితే 26, 27 డిగ్రీల ఎత్తుకి మించి రాడు. మనం హస్తవాసి అంటున్నదాంట్లో సగం ఇంటి ముఖమేనండీ.

బహుమతి వచ్చినవాళ్ళు కష్టపడలేదని అనను. ఆగస్టులో మా గుమ్మం ముందు బీరకాయల సంచీ పెట్టి వెళ్ళేది వాళ్ళే, తిన్నదాన్ని నేనే.

నేను మూడేళ్ళు వరసగా గోంగూర నాటాను. ప్రతిసారీ కాడ సన్నగా సాగి, మెడ చాచి ఆకాశం కేసి చూసి, నాలుగు ఆకులు వేసి పడిపోయేది. బీర పాదుకి పందిరి కూడా వేశాను, తీగ పాకింది గానీ కాయ లేదు. మల్లె ఇంకా బతికే ఉంది, పచ్చగా, నిండా ఆకులతో, ఒక్క మొగ్గ వేయదు. ఆఖరికి వినాయకుడికి గరిక కూడా ఎండ కావాలంటుంది, మా పెరట్లో మొలవదు.

ఒక రాత్రి అమ్మతో ఫోన్లో ఇదే ఏడుస్తుంటే, "కొబ్బరి చెట్ల కింద కంద, పసుపు వేసే ఊళ్ళో పుట్టి నీడలో ఏం పెరుగుతుందంటావేంటే?" అంది. సిగ్గేసింది. మా నాయనమ్మ గంటలు లెక్కపెట్టి ఏదీ నాటలేదు, అయినా తమలపాకు తీగ నూతి పక్క నీడలోనే ఉండేది, మిరప మొక్కలు చేను గట్టునే ఉండేవి. ఏ మొక్క ఎక్కడుండాలో ఆవిడ అలా చూసుకోవడాన్ని మేం పిల్లలం చాదస్తం అనుకునేవాళ్ళం.

ఆ శనివారం గంట గంటకీ డెక్ మీంచి పెరడు ఫోటో తీశాను. ఎండ ఎక్కడ పడుతుందో, ఎంతసేపు ఉంటుందో తేలిపోయింది. పెరటి చివర ఏప్రిల్ మొదట్లో, ఓక్ ఆకు వేయకముందు, చక్కగా ఎండ పడుతుంది. అక్కడ మెంతికూర, పాలకూర చల్లితే చెట్టు గొడుగు పట్టేలోపే మెంతికూర పప్పులోకి వచ్చేసింది. కొత్తిమీర ఎండ మండితే పువ్వుకొచ్చేస్తుంది కాబట్టి దానికి నా నీడే నయం. పుదీనా ఎక్కడైనా ఉంటుంది, కుండీలో పెట్టకపోతే మనల్నే బయటికి పంపిస్తుంది. బచ్చలి మూడు నాలుగు గంటల ఎండతో సర్దుకుంది. పసుపు కొమ్ములు మార్చిలో వంటింటి కిటికీ దగ్గర కుండీలో మొలకెత్తించి, మే చివర్లో బయట పెట్టి, చలి మొదలవగానే లోపలికి తెచ్చాను. ఆకులు పండి వాలాక తవ్వితే రెండు గుప్పిళ్ళు. అమ్మకి వీడియోలో చూపిస్తే, ఆవిడ ముచ్చటపడిన తీరుకి, బంగారం చూపించానా అనిపించింది.

ఎండంతా ఇంటి ముందు ఉంది, కానీ ఇంటి ముందు కూరగాయలు వేయొద్దని హెచ్‌ఓఏ, అంటే మా కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం, రూలు. ఈ ఏడు పూలమొక్కల మధ్య రెండు వరసలు ఎర్ర బెండ వేశాను. పసుపుపచ్చ పువ్వు, మధ్యలో మెరూన్ చుక్క, అచ్చం మందారం చుట్టమే. ఇప్పటిదాకా హెచ్‌ఓఏ నుంచి హెచ్చరిక లేఖ రాలేదు. ఇది మన పత్రిక కాబట్టి చెబుతున్నా, బయట చెప్పకండి.

కమిటీవాళ్ళని అడిగేది పెద్దదేం కాదు. వచ్చే మేలో మొక్కలు పంచేటప్పుడు ప్రతి కుండీకీ ఒక చిట్టీ అంటించండి, ఎన్ని గంటల ఎండ కావాలో. చలికాలమంతా ఇంట్లో ఉన్న కరివేపాకుని ఒక్కసారిగా ఎండలో పెడితే ఆకు తెల్లబారిపోతుందని, ముందు వారం రోజులు నీడలో ఉంచాలని కూడా రాయండి, అది తెలీక కూడా ఒకటి పోగొట్టుకున్నాను. చెట్ల కింద ఇళ్ళు కొన్నవాళ్ళు, టౌన్‌హౌస్‌లో ఉత్తరం వైపు బాల్కనీ తప్ప ఏమీ లేనివాళ్ళు, కొత్తగా వచ్చి అపార్ట్‌మెంట్లలో ఉంటున్న పిల్లలు, వీళ్ళకోసం నీడ మొక్కల బల్ల ఒకటి విడిగా వేయండి, దయచేసి. ఆ బల్ల దగ్గర నేను నిలబడతాను, ఎనిమిది కుండీల పసుపు, బోలెడంత పుదీనా నేనే తెస్తాను. మైకు మాత్రం ఈసారి ఇంకెవరికైనా ఇవ్వండి.