మొదటిరోజు సీరియస్ మొహానికి ఒక టీచర్ మనవి

మహారాజశ్రీ సీరియస్ మొహం గారికి,

స్కూలు తెరిచే రోజు గేటు దాటీ దాటగానే మా మీద వచ్చి వాలిపోతారు మీరు. కనుబొమలు ముడేసి, పెదాలు బిగించి, ఆముదం తాగినవాళ్లలా తయారుచేస్తారు. నేను ఉద్యోగంలో చేరిన రోజు స్టాఫ్‌రూమ్ పెద్దలే మిమ్మల్ని నాకు అంటగట్టారు. "మొదటి నెల పళ్లు కనబడనీయకమ్మా, చనువిస్తే నెత్తికెక్కుతారు" అన్నారు. మొక్కై వంగనిది మానై వంగునా అని సామెత కూడా వడ్డించారు. మొక్కకు ముందు కాసిని నీళ్లు పోద్దామని ఎవరూ అనలేదు. నేనూ అడగలేదు. ఎలా అడుగుతాను? హెడ్మాస్టర్ గారి మొహం మీద మీ అన్నగారు కూర్చుని ఉన్నారాయె.

మీ పనితనానికి వంక పెట్టలేను. ఈ ఏడాది మొదటి పీరియడ్‌లో మనిద్దరం కలిసి పిల్లల చేత 17 రూల్స్ రాయించాం. అన్నీ 'కూడదు'తో ముగిసేవే. చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. క్లాసు చేతికొచ్చిందని మీరు మురిసిపోయారు, నేనూ మురిసిపోయాను.

సాయంత్రం నోట్సులు తిరగేస్తుంటే ఒకటి ఖాళీగా కనబడింది. వెనక బెంచీ కుర్రాడిది. కోపంతో పేజీ తిప్పబోతే వేలికి ఏదో గరుకుగా తగిలింది. లైటు కింద ఏటవాలుగా పెట్టి చూశాను. 17 రూల్స్ వరుసగా ఉన్నాయి, ఒక్కదానికీ ఇంకు లేదు! పెన్ను అయిపోయింది. ఇంకొకటి అడగడానికి మీరు అడ్డమొచ్చారు. పీరియడంతా ఒట్టి ములికితో కాగితం మీద గాట్లు పెడుతూ కూర్చున్నాడు పిల్లవాడు. క్రమశిక్షణకు ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఫ్రేము కట్టించి మీకే పంపుదామనుకున్నాను.

ఫోన్‌లో కూడా మీరు కనబడతారని ఆ వారమే తెలిసింది. వాళ్లమ్మకు ఫోన్ చేసి "టీచర్నండీ" అన్నానో లేదో, "ఏం చేశాడండీ?" అంది ఆవిడ, గొంతు వణుకుతూ. ఏమీ చేయలేదు, బొమ్మలు బాగా వేస్తున్నాడని చెప్పడానికే చేశానన్నాను. కాసేపు అటు నుంచి మాట లేదు. తర్వాత మెల్లగా, "ఇంకా?" అంది. అసలు ఫిర్యాదు వెనకాల వస్తోందనుకుంది పాపం.

మీకు లెక్కలంటే గౌరవం కదా, ఒకటి చెబుతాను. షికాగోలో ఆంథొనీ బ్రైక్, బార్బరా ష్నైడర్ అనే పరిశోధకులు 1990లలో అక్కడి ప్రాథమిక పాఠశాలలను ఏళ్ల తరబడి గమనించి 2002లో ఫలితాలు ప్రచురించారు. టీచర్లు, తల్లిదండ్రులు, ప్రిన్సిపాల్ ఒకరినొకరు బాగా నమ్మే బడుల్లో ప్రతి రెండింటిలో ఒకటి చదవడంలో, లెక్కల్లో మెరుగుపడింది. నమ్మకం అడుగంటిన బడుల్లో ఏడింటికి ఒకటే. ఆ నమ్మకం దేనితో పుడుతుందో కూడా చెప్పారు: గౌరవం, పనిలో సామర్థ్యం, ఎదుటివాళ్ల మీద అక్కర, చెప్పిందే చేయడం. మీ పేరు ఎక్కడుందా అని రెండుసార్లు వెతికాను. లేదు. ముద్రణలో జారిపోయి ఉంటుంది, చిన్నబుచ్చుకోకండి.

టీచర్ల మధ్య ఇంకో చిట్కా చాలాకాలంగా నడుస్తోంది. దగ్గరకు రాని పిల్లాడితో రోజుకు 2 నిమిషాలు, వరుసగా 10 రోజులు, చదువు ఊసెత్తకుండా మాట్లాడటం. సిలబస్ వెనకబడుతుందని మీరు గోల పెడతారు గానీ, మొత్తం కలిపితే 20 నిమిషాలు. ఆ 17 రూల్స్ రాయించడానికి మనకు పట్టింది 40!

అందుకే మిమ్మల్ని బీరువాలో పెట్టి, ఆ పెన్ను అయిపోయిన కుర్రాడితోనే మొదలుపెట్టాను. మొదటి మూడు రోజులు నేను మాట్లాడటం, వాడు చెప్పుల వంక చూడటం. నాలుగో రోజు తన బొమ్మ ఒకటి చూపించాడు. ఆరో రోజు అటూ ఇటూ చూసి, నా దగ్గరగా వచ్చి గుసగుసగా అడిగాడు:

"టీచర్, స్కూలు తెరిచిన రోజు మీకు పన్ను నొప్పా?"

"అవున్రా," అన్నాను. "ఇప్పుడు తగ్గింది."

ఇట్లు,
మిమ్మల్ని చాలా ఏళ్లు మోసిన ఒక టీచర్