పిల్ ముసుగులో టెండరు పోరు

బొంబాయి విమానాశ్రయంలో రెండో తరగతి రెస్టారెంటు, రెండు స్నాక్ బార్ల నిర్వహణకు 1977 జనవరిలో టెండర్లు పిలిచారు. అయిదేళ్ల అనుభవమున్న రిజిస్టర్డ్ రెండో తరగతి హోటల్ యజమానులే అర్హులన్నారు. తీరా నెలకు రూ.6,666.66 రుసుం చెల్లిస్తానన్న క్యాంటీన్ల నిర్వాహకుడికి కట్టబెట్టారు. టెండరు పిలిచిన విమానాశ్రయ సంస్థ తాను పెట్టిన షరతును తానే తుంగలో తొక్కడం చెల్లదని సుప్రీంకోర్టు 1979లో తేల్చింది. అయినా లైసెన్సు జోలికి వెళ్లలేదు! పిటిషనరు టెండరే వేయలేదు, కోర్టుకొచ్చిందీ అయిదు నెలలు దాటాక. పైగా, అంతకుముందు కోర్టుల్లో ఓడినవారెవరో ఆయన్ను ముందుకు తోశారని న్యాయమూర్తులు పసిగట్టారు.

అది మామూలు రిట్ పిటిషనే. ఇప్పుడలా వేరొకరి చాటున పోరాడే పనికి ప్రజా ప్రయోజన వ్యాజ్యాలు (పిల్) అక్కరకొస్తున్నాయి. ఓడిన బిడ్డరు సొంత పేరుతో వస్తే ‘షరతులకు ఒప్పుకొనే కదా పాల్గొన్నారు’ అన్న ప్రశ్న ఎదురవుతుంది. అందుకే ఓ ‘సామాజిక కార్యకర్త’ కావాలి. ముసుగు తొలగించడం కష్టమేమీ కాదు. సమాచార హక్కు దరఖాస్తు ఊసే లేకుండా సాంకేతిక బిడ్ల మదింపు పత్రం పిటిషనుకు జతపడుతుంది. టెండరు ప్రకటన నాడు కనిపించని లోపం ధరల బిడ్లు తెరిచిన మర్నాడు కనిపిస్తుంది. అన్నిటికన్నా అభ్యర్థన చూడాలి. మళ్లీ టెండర్లు పిలవమనరు, ఎల్-1ను, అంటే అతి తక్కువ ధర కోట్ చేసిన బిడ్డరును అనర్హుణ్ని చేయమంటారు. లాభం ఆ తర్వాతి స్థానంలోని ఎల్-2కే.

పిటిషనరు పూర్వాపరాలు చూడాలని సుప్రీంకోర్టు 2010లోనే హైకోర్టులకు నిర్దేశించింది. ‘నాకు స్వప్రయోజనం లేదు’ అన్న ఒక్క వాక్యంతో అది తేలదు. ఏ బిడ్డరుతో ఏ లావాదేవీ ఉంది, పత్రాలు ఎవరిచ్చారు, వకీలు ఫీజు ఎవరిది, శాఖకు ఎప్పుడు ఫిర్యాదు చేశారు అన్నవి ప్రమాణపత్రంలో రాయించాలి.

అలాగని పిటిషనరు జాతకం సర్కారుకు రక్షరేకు కాకూడదు. అర్హత ఎందుకు సడలించారని అడిగితే, జవాబుగా పిటిషనరు చరిత్ర ఏకరవు పెట్టే సర్కారు కౌంటర్లు (జవాబు అఫిడవిట్లు) తక్కువేం కాదు. 2జీ టెలికాం స్పెక్ట్రం కేసు పిటిషనర్లలో రాజకీయ నాయకుడున్నా 2012లో 122 లైసెన్సులు రద్దయ్యాయి. ఆరోపణలో పస ఉంటే పిటిషనరును తప్పించి, కోర్టు సహాయకుణ్ని నియమించి విచారణ సాగించవచ్చు.

అసలు నష్టం స్టేతోనే. మహారాష్ట్రలోని ఖాపర్‌ఖేడా థర్మల్ విద్యుత్ కేంద్రం పనుల కేసులో 1998 డిసెంబరులో సుప్రీంకోర్టు, స్టే తెచ్చుకున్నవారు ఓడితే జాప్యానికి జవాబుదారీ కావాలంది. బిడ్డరు నుంచి పూచీకత్తు అడగడం న్యాయమే. చెరువు పనిలో దగా జరిగిందని వచ్చిన రైతు ఆ పూచీకత్తు ఎక్కణ్నుంచి తెస్తాడు? అలాంటి కేసుల్లో స్టే బదులు ‘తుది తీర్పునకు లోబడి’ పనులు సాగనిచ్చి, కొలతల పుస్తకాలు, బిల్లులు కోర్టు ముందుంచమని ఆదేశించి, కొన్ని వారాల్లోనే వాదనలు ముగించాలి.